కాకి ముట్టిన మాట

నాందేడ్,
22 జనవరి 1964

చి. కమలకు వదిన విద్యావతి ఆశీస్సులు.

చెయ్యి అలవాటు కొద్దీ ముందు 'చి.ల.సౌ.' అని రాసేసింది. సౌభాగ్యం కొట్టేసిన కాగితం నీకు పంపడానికి మనసు రాలేదు. దాన్ని చింపి ఇది మొదలుపెట్టాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను గానీ నా మోకాళ్లు మాత్రం క్షేమంగా లేవు. మీ అన్నయ్య రైల్వే నుంచి రిటైరైనా రోజూ సాయంత్రం స్టేషనుకు పోయి వచ్చే పోయే బండ్లు చూసి వస్తున్నారు. ఇంటికొచ్చి ఏ బండి ఎంత లేటో చెప్పి పడుకుంటారు. ఈ ఇంట్లో నాతో జరిగే సంభాషణ అంతే.

అసలు విషయానికొస్తాను. మా తమ్ముడు పోయి నాలుగో నెల నడుస్తోంది. కుక్కలను అడవికి తీసుకుపోయారా లేదా? కిషన్‌ను అడిగితే స్టూడియోలో పెళ్లిళ్ల ఫోటోల పని ఎక్కువగా ఉందని దాటేశాడు. మా చిన్నాయన కొడుకు కదా, పని తప్పించుకోవడం ఆ ఇంటివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. నీ జవాబేమో తంతి అంత ఉంది, అందులో కుక్కల ఊసే లేదు.

ఆ రోజు చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున ఏం జరిగిందో నీకు తెలుసు. నిన్ను ఇంట్లో కూర్చోబెట్టారు కాబట్టి కళ్లతో చూడలేదు, అంతే. పిట్టకు పెట్టిన అన్నం చుట్టూ కాకులు చేరాయి గానీ ఒక్కటీ ముట్టలేదు. ఎండ నెత్తికెక్కింది. పంతులు 'పోయినాయనకు ఏదో కోరిక మిగిలున్నది, గదేందో ఎరికైనోళ్లు మాటియ్యున్రి' అన్నాడు. చివరికి నేనే ముందుకు పోయి, 'తమ్మీ, నీ కుక్కలను ఎప్పటిలెక్క నర్సాపూర్ అడవికి తీస్కపోతరు, నాది జిమ్మేదారి' అన్నాను. అన్నానో లేదో ఒక కాకి దిగి ముద్ద ముట్టింది. కాకి ముట్టిన మాటను గాలికొదిలేస్తే ఆ పిల్లవాడి ప్రాణం ఎక్కడ తిరుగుతుంది కమలా? నలభై దాటినా నాకు వాడు పిల్లవాడే.

ఆ ఒక్కటీ తీరిపోతే కుక్కలను ఎవరికైనా అప్పగించు. మా ఇంట్లో మడి వంట, కుక్క గడప తొక్కడానికి లేదని నీకు తెలుసు. కారు అమ్మేయండి. సంవత్సరీకం కాగానే నువ్వు వచ్చి నా దగ్గరుండు. వెనక గదికి సున్నం వేయిస్తున్నాను. పిల్లాజెల్లా లేనిదానివి, నాంపల్లిలో ఒక్కదానివి ఎవరి కోసం?

ఇంకొక మాట. నువ్వు ఇప్పటిదాకా ఏడవలేదని కిషన్ పెళ్లాం ఊరంతా చెబుతోందట. ఏడ్చెయ్. ఏడవకపోతే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు.

నీ మేలు కోరే,
విద్యావతి


నాంపల్లి, హైదరాబాద్,
2 ఫిబ్రవరి 1964

వదినగారికి కమల నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మోకాళ్లకు నువ్వులనూనె వేడిచేసి రాయించుకోండి. అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

ఏడుపు సంగతి రాశారు. రాలేదు. నేనేమీ ఆపుకోవడం లేదు. అన్నం తింటున్నాను, నిద్ర పడుతోంది, నల్లా వచ్చే వేళకు లేచి నీళ్లు పట్టుకుంటున్నాను. ఎవరైనా పరామర్శకు వస్తే వాళ్లు ఏడుస్తారు, నేను కాఫీ పెట్టి ఇస్తాను. పోయేటప్పుడు వాళ్ల ముఖాల్లో నా మీద అనుమానం కనబడుతుంది. దానికి నేనేం చెయ్యను?

ఫోటోలకు రంగులు అద్దే పని మానలేదు. కిషన్ అబిడ్స్ నుంచి వారానికొకసారి తెచ్చి ఇస్తున్నాడు. పెళ్లికూతుళ్ల చీరలకు ఎరుపు, పెళ్లికొడుకుల తలపాగాలకు పసుపు. మొన్న మీ తమ్ముడి ఫోటో పెద్దది చేయించి తెచ్చాడు. 'వదినె, గిది మాత్రం నువ్వే రంగెయ్యాలె' అన్నాడు. వేశాను. చెంపలకు కొంచెం గులాబీ, కోటుకు బూడిద రంగు. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు అలాగే ఉంచాను. అది చూసి కిషన్ ఏడిస్తే నేను మంచినీళ్లు ఇచ్చాను. ఆ ఫోటో ఇప్పుడు స్టూడియోలో గల్లా పైన ఉందట, నేను పోయి చూడలేదు.

బాద్షా, రీలు బాగున్నాయి. బాద్షాకు ఒక కన్ను మసకబారింది. రీలు ఎప్పటిలాగే ఏది దొరికితే అది కొరుకుతోంది. కూనగా ఉన్నప్పుడు ఫిలిం రీలు ఈడ్చుకుపోయి పాడుచేసినందుకే కదా మీ తమ్ముడు దానికా పేరు పెట్టారు. ఆదివారం తెల్లవారితే రెండూ పోయి మోరిస్ కారు పక్కన కూర్చుంటాయి. ఆదివారం అని వాటికెలా తెలుస్తుందో నాకు తెలియదు. మేడ మీద కిరాయికున్న భావనారాయణగారు ఆ రోజు పొద్దున్నే రేడియో పెద్దగా పెడతారు, అందుకేనేమో. కారు మీద టార్పాలిన్ అలాగే ఉంది. మధ్యాహ్నం దాకా కూర్చుని, లేచిపోయి నీళ్లు తాగుతాయి.

షికారు అని పేరే గానీ మీ తమ్ముడు ఏనాడూ తుపాకీ పట్టుకుపోలేదు. కుక్కలను అడవిలో పరిగెత్తించి, సాయంత్రానికి కారు నిండా దుమ్ముతో తిరిగొచ్చేవారు. నన్ను ఎప్పుడూ తీసుకుపోలేదు కాబట్టి అక్కడ ఏం చేసేవారో నాకు తెలియదు. నడిపే మనిషి లేక కారు పడి ఉంది. చూద్దాం.

ఇట్లు,
కమల


నాందేడ్,
14 ఫిబ్రవరి 1964

చి. కమలకు ఆశీస్సులు.

'చూద్దాం' అట. చూద్దాం అనేది బట్టల దుకాణంలో అనే మాట, పోయిన మొగుడికిచ్చిన మాట గురించి అనే మాట కాదు.

మొన్న కలలో తమ్ముడు కనిపించాడు. ఆ మోరిస్ కారులోనే ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. 'ఎటు పోతున్నవ్ రా?' అంటే మాట్లాడడు. అద్దం దించమని చేత్తో సైగ చేస్తే దించడు. లేచి మీ అన్నయ్యతో చెప్పాను. 'పెట్రోలు అయిపోయి ఉంటది' అని అటు తిరిగి పడుకున్నారు. ఈయనతో నేను ముప్పై ఏళ్లకు పైగా వేగుతున్నాను, అది కూడా ఒక నోమే.

నడిపేవాళ్లు లేరని రాశావు. మీ మేడ మీది భావనారాయణకు డ్రైవింగ్ వచ్చని కిషన్ రాశాడు. తెనాలిలో వాళ్ల మేనమామ రైసు మిల్లులో లారీలు నడిపాడట కదా. ఇప్పుడు సెక్రటేరియట్‌లో ఫైళ్లు నడుపుతున్నాడు, కారు నడపడానికేం? ఆయన మంచివాడే, ఆంధ్ర రాష్ట్రం వాళ్లు వచ్చిన కొత్తలో మనం అనుకున్నట్టు కాదు. అడుగు. అడగడానికి నీకు మొహమాటమైతే నేనే ఆయనకు కార్డు రాసి పడేస్తాను.

వెనక గది సున్నం అయింది. మంచం వేయించాను. కిటికీ నుంచి గోదావరి కనబడదు గానీ గాలి బాగా వస్తుంది. పక్కింటి మరాఠీ ఆవిడకు నువ్వు వస్తున్నావని చెబితే ఎంత సంతోషించిందో. సాయంత్రాలు మనం ముగ్గురం అప్పడాలు ఒత్తుకుంటూ కూర్చోవచ్చు. నాందేడ్‌ను మహారాష్ట్రలో కలిపిన దగ్గర్నుంచి నాతో తెలుగు మాట్లాడే ఆడమనిషి ఈ వీధిలో లేదు. నా తెలుగు నాకే తుప్పు పట్టినట్టుంది.

ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. వాడి కోరిక అంటే నీకు పట్టదా?

విద్యావతి


నాంపల్లి,
3 మార్చి 1964

వదినగారికి నమస్కారాలు.

మొన్న ఆదివారం బయలుదేరాము. మీరు భావనారాయణగారికి కార్డు రాశారు కదా. ఆయన దాన్ని చేత పట్టుకుని మెట్లు దిగి వచ్చి, 'అక్కయ్యగారూ, పెద్దావిడ ఇంతగా రాశాక కాదనడం బాగోదండీ, నేను తీసుకెళ్తాను' అన్నారు. కిషన్ వచ్చి టార్పాలిన్ తీశాడు. బ్యాటరీ దిగిపోయి ఉంది. హ్యాండిల్ వేసి తిప్పి తిప్పి ఇద్దరూ చెమటలు కక్కాక కారు అందుకుంది. ఆ చప్పుడు వినగానే కుక్కలు రెండూ పెరట్లో నుంచి పిచ్చెత్తినట్టు వచ్చి వెనక సీటెక్కాయి. నేను వాటి పక్కన కూర్చున్నాను. కిషన్‌కు స్టూడియో తెరవాలి కాబట్టి రాలేదు.

బాలానగర్ దగ్గర రీలు నా చీర మీద కక్కుకుంది. తుడిచాను. భావనారాయణగారు దారి పొడుగునా తెనాలి నీళ్ల గురించి చెప్పారు. వచ్చి ఎనిమిదేళ్లవుతున్నా హైదరాబాద్ నీళ్లతో పప్పు ఉడకదని ఆయన బాధ.

గుమ్మడిదల దాటాక కారు ముందు నుంచి పొగలాగా ఆవిరి లేచింది. ఆపి మూత తెరిచి చూశారు. 'బెల్టు తెగిందండీ. ఫ్యాను తిరగట్లేదు. ఇంజను కాలిపోతోంది' అన్నారు. రేడియేటర్ మూత మీద చెయ్యి వేసి కాల్చుకున్నారు కూడా. నీళ్లు పోసి మళ్లీ కొంత దూరం తెచ్చారు, మళ్లీ ఆగింది. అక్కడ నుంచి ఎదురుగా అడవి కనబడుతూనే ఉంది. ఆకులు రాలి చెట్లన్నీ ఎండిపోయినట్టున్నాయి.

కట్టెల లారీ ఒకటి సిటీ వైపు పోతుంటే ఆపారు. డ్రైవర్ ముందు 'కుక్కలా? కుక్కలనైతే ఎక్కించ' అన్నాడు. తరవాత ఎక్కించాడు. కట్టెల మీద కూర్చుని వచ్చాము. కారు మర్నాడు కిషన్ లాగించుకొచ్చి మెకానిక్ దగ్గర పెట్టాడు. ఆ బెల్టు బొంబాయి నుంచి రావాలట.

అడవి చేరలేదు. కుక్కలు అడవి నేల తొక్కలేదు. మీరు అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు రాశాను.

కమల


నాందేడ్,
12 మార్చి 1964

కమలకు,

ఉన్నదున్నట్టు రాశావా? కిషన్ ఉత్తరం నిన్న వచ్చింది. భావనారాయణ వాడితో చెప్పిన మాటలన్నీ రాశాడు. 'అదిగో అడవి కనబడుతోంది, కారును ఇక్కడే వదిలి కుక్కలను నడిపించుకుని పోయి వద్దామండీ' అని ఆయన అన్నాడట. నువ్వు వద్దన్నావట. ఎందుకు అంటే ఎండగా ఉందన్నావట!

ఎండ. అడవి ఎదురుగా పెట్టుకుని, మొగుడి ఆత్మశాంతి అడుగుల దూరంలో పెట్టుకుని, ఎండగా ఉందని వెనక్కి తిరిగిన ఆడదాన్ని నిన్నే చూశాను. ఇక్కడి పంతులుగారిని అడిగాను. కారులో కూర్చుని చూసి వస్తే చెల్లదు, ఆ జంతువుల కాలు అడవి నేల మీద పడాల్సిందేనన్నారు. అంటే ఇంత యాత్రా చేసి పుణ్యం సున్న.

పైగా పరాయి మగవాడితో కట్టెల లారీ మీద కూర్చుని ఊళ్లోకి వచ్చావు. నేనేమీ అనుకోను. చూసినవాళ్లు అనుకుంటారు.

ఇన్నాళ్లూ కిషన్ పెళ్లానిది నోటి దురద అనుకున్నాను. ఇప్పుడు నాకూ అనుమానం వస్తోంది. ఏడవలేదు, కారు కదిలించలేదు, కదిలిస్తే సగంలో తిప్పుకొచ్చావు. నీకు మావాడి మీద కోపం ఉంటే చెప్పు. చచ్చిపోయినవాడి మీద కోపమేమిటి కమలా? వాడు నిన్ను ఏనాడైనా ఒక్క మాట అన్నాడా?

ఇంతకన్నా రాయలేను.

విద్యావతి


నాంపల్లి,
20 మార్చి 1964

వదినగారికి,

కోపమే. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, లేకపోతే చెప్పేదాన్ని కాదు.

పిట్టకు పెట్టి వచ్చిన రోజు సాయంత్రం మీరంతా లోపల పడుకున్నారు. నేను వాకిట్లో కూర్చుని ఉన్నాను. పిండం పెట్టినవాడు కదా, కిషన్ తడి ధోవతి ఆరేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకు ధైర్యం చెప్పాలనుకున్నాడు పాపం. 'వదినె, అన్న మనసు తృప్తి పడ్డది, ఫికర్ చెయ్యకు. అక్క ముందుగాల నీ పేరు చెప్పింది, కాకి కదల్లేదు. రెండుసార్లు చెప్పింది, అయినా రాలే. కుక్కల మాట ఎత్తిందో లేదో ఉరికొచ్చింది. అన్నకు కుక్కలంటె గంత పానం ఉండె' అని నవ్వాడు. వాడికి తెలియదు, ఏం చెప్పాడో. నేను కూడా నవ్వాను. లోపలికి పోయి రాత్రికి అందరికీ పరుపులు వేశాను. ఆ రోజు నుంచి నాకేమీ అనిపించడం లేదు. ఏడుపు అప్పుడే ఎక్కడో ఇంకిపోయింది.

నా పేరుకు దిగలేదు వదినా. రెండుసార్లు చెప్పినా దిగలేదు.

దవాఖానాలో చివరి వారం ఆయనకు మాట సరిగ్గా వచ్చేది కాదు. నేను పోయి పక్కన కూర్చోగానే కూడదీసుకుని, 'రీలు తిన్నదా?' అని అడిగేవారు. రోజూ అదే. తిన్నది అనేదాన్ని. కమలా, నువ్వు తిన్నావా అని ఒక్కరోజు కూడా అడగలేదు. అప్పుడు నాకది పట్టలేదు, జబ్బు మనిషి కదా అనుకున్నాను. కిషన్ మాట విన్న తరవాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చి పట్టింది.

సవతి అయితే జుట్టు పట్టుకుని కొట్లాడేదాన్ని. కుక్కలతో ఏం కొట్లాడను? పొద్దునా సాయంత్రం రొట్టె వేస్తున్నాను. అవి తిని తోక ఊపుతాయి.

ఆ ఆదివారం ఎండేమీ లేదు. నా కాళ్లు అటు పోనన్నాయి. ఆయనకు నాకన్నా ఇష్టమైనదాన్ని, ఆయనకు ఇష్టమైన చోటికి, నేను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోవాలా? మీ కాకి మాట మీరు నిలబెట్టుకోండి.

నాందేడ్ వస్తాను. సంవత్సరీకం దాకా కూడా ఆగను, ఉగాది దాటగానే వస్తాను. గది ఉంచండి. బేగం బజార్‌లో పప్పుల వ్యాపారి ఒకాయనకు గోదాముకు కాపలా కుక్కలు కావాలట. వచ్చి చూసుకుని పోయాడు. 'గొలుసు మంచిది కొంటా, తెంపుకోనియ్య' అన్నాడు. ఉగాదికి ముందు వచ్చి తీసుకుపోతాడు. కారు బాగుచేశాక అమ్మమని కిషన్‌తో చెప్పాను. నాకు దేని మీదా పట్టింపు లేదు. ఎక్కడున్నా ఒకటే.

లారీ సంగతి. భావనారాయణగారు కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని డ్రైవర్ పక్కన కూర్చున్నారు. కట్టెల మీద ఉన్నది నేనూ కుక్కలూ.

కమల


నాందేడ్,
28 మార్చి 1964

చి. కమలకు వదిన ఎన్నో ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ఆ పూట పొయ్యి వెలిగించలేదు. మీ అన్నయ్య స్టేషన్ నుంచి వచ్చి, ఏ బండి గురించీ చెప్పకుండా కాసేపు నా దగ్గర కూర్చున్నారు. అంతగా ఉంది నా ముఖం.

ఆ కిషన్ నోరు పడిపోను. సగం చెప్పి సగం మింగే వెధవ. జరిగింది నేను చెబుతాను, విను. లారీ గురించి నేను రాసిన మాట మరిచిపో, నేనూ మరిచిపోతాను.

నీ పేరు ముందు చెప్పిన మాట నిజమే. చెప్పకుండా ఎలా ఉంటాను? వాడికి నీకన్నా ఎవరున్నారు? పంతులు అడగ్గానే నేను కొంగు నడుముకు చుట్టుకుని ముందుకు పోయి, 'తమ్మీ, కమల గురించి ఫికర్ చెయ్యకు. నాంపల్లి ఇల్లు ఖాళీ చేయించి దాన్ని నాందేడ్ తీస్కపోత, నా దగ్గర్నే పెట్టుకుంట' అన్నాను. కాకులు అటూ ఇటూ చూస్తున్నాయే గానీ ఒక్కటీ దిగలేదు. గాలికి వినబడలేదేమోనని మళ్లీ గట్టిగా అన్నాను. 'కమలను నేను తీస్కపోతున్న, ఆ ఇంట్ల ఒక్కదాన్ని ఉంచ' అని కూడా అన్నాను. ఒకటి ఎగిరి ఇంకా దూరంగా పోయి కూర్చుంది. నువ్వే చెప్పు, ఒక ఆడపడుచు అంతకంటే ఏం మాటిస్తుంది? నాకూ మనసు చివుక్కుమంది. అక్క మాట మీద వీడికి నమ్మకం లేదా అనుకున్నాను. ఆ ఉక్రోషంతోనే, పోనీ నీ కుక్కలను ఎప్పటిలెక్క అడవికి పంపుతారులే అన్నాను. దిగింది.

దానికి నువ్వు ఇంత దూరం ఆలోచించావు. కుక్కలు నోరులేనివి కాబట్టి వాటి మీద బెంగ ఉండి ఉంటుంది. నీకు నేనున్నానని వాడికి తెలుసు, అందుకని నీ గురించి బెంగ లేదు. అంతే. పెద్దదాన్ని చెబుతున్నాను, నమ్ము.

నువ్వు ఉగాది దాటగానే వస్తానని రాసిన వాక్యం మాత్రం నాలుగుసార్లు చదువుకున్నాను. గదిలోకి కొత్త కుండ తెప్పించాను. వస్తూ వస్తూ నీ రంగుల పెట్టె కూడా తెచ్చుకో. ఇక్కడ కూడా పెళ్లిళ్లు అవుతాయి, ఫోటోలు దిగుతారు. ఏ బండికి వచ్చేదీ ముందే రాస్తే మీ అన్నయ్య స్టేషన్‌కు వస్తారు. ఎలాగూ అక్కడే ఉంటారు.

నీ కోసం ఎదురుచూసే,
విద్యావతి


నాంపల్లి,
7 ఏప్రిల్ 1964

వదినగారికి కమల నమస్కారాలు.

మీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. లోపలికొచ్చి మళ్లీ చదివాను. మీరు రాసింది మీరే ఇంకొకసారి చదువుకోండి వదినా. కమల పేరు చెప్పానని రాశారు. మీరు ఆయనకు చెప్పిందల్లా కమలను ఆ ఇంట్లో నుంచి తీసుకుపోతానని. దానికి కాకి దిగలేదు. గట్టిగా చెబితే ఇంకా దూరం పోయి కూర్చుంది. కుక్కలు ఎప్పటిలాగే అడవికి పోతాయి అంటే దిగింది. కుక్కలు ఎప్పటిలాగే పోవాలంటే వాటికి రొట్టె వేసే మనిషి ఎక్కడ ఉండాలి?

కాకికి ఏం తెలుసో నాకు తెలియదు. ఆకలైనప్పుడు దిగి ఉంటుంది. కానీ ఇన్ని నెలలు నేను దాని మీదే అలిగి కూర్చున్నాను. అప్పుడు నమ్మి ఇప్పుడు నమ్మనంటే న్యాయం కాదు.

మొన్న ఆదివారం మళ్లీ పోయాము. కొత్త బెల్టు వేసినా అడవికి ముందు ఎత్తు ఎక్కేటప్పుడు కారు మళ్లీ మరిగింది. భావనారాయణగారు ఈసారి క్యాను నిండా నీళ్లు తెచ్చుకున్నారు, చేతికి గుడ్డ కూడా చుట్టుకున్నారు. 'మీ వారు ఈ కారును ఎలా భరించారండీ?' అన్నారు. చల్లారేదాకా ఆగి, మెల్లగా తీసుకుపోయి, చెట్లు మొదలైన చోట రోడ్డు పక్కన ఆపారు. ఎడంవైపు బండి బాట ఒకటి లోపలికి పోతుంది. కుక్కలు లేచి మూలుగుతుంటే మీ తమ్ముడు అక్కడే ఆగేవారని తెలిసింది.

తలుపు తీయగానే రెండూ దూకాయి. ఇక పరిగెత్తుతాయి అనుకున్నాను. పరిగెత్తలేదు. చుట్టూ తిరిగి పోయి ముందు తలుపు దగ్గర, స్టీరింగ్ వైపు, నిలబడ్డాయి. భావనారాయణగారు దిగారు. ఆయన కాళ్లు వాసన చూశాయి. చూసి మళ్లీ సీటు వైపు తలెత్తి నిలబడ్డాయి. మీ తమ్ముడు లోపల ఇంకా ఉన్నారని, చెప్పులు వేసుకుని దిగుతారని వాటి నమ్మకం. భావనారాయణగారు ఈల వేశారు. చప్పట్లు కొట్టారు. అవి చెవి కూడా తిప్పలేదు. బాద్షా ముందరి కాళ్లు మెట్టు మీద పెట్టి, ఆ మసక కన్నుతో సీటంతా వెతికింది. రీలు కింద కూర్చుంది. అలా ఎంతసేపైనా కూర్చునేటట్టే ఉన్నాయి. ఎండ పైకొస్తోంది.

నేను పోయి వాటి ముందు నేల మీద కూర్చున్నాను. 'రాడే. ఇగ రాడు. సచ్చిపోయిండు' అన్నాను.

ఆ మాట నేను ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు వదినా. వచ్చినవాళ్లంతా వాళ్లే అన్నారు, నేను తల ఊపాను. నా గొంతుతో నా చెవులకు వినబడగానే నాకు ఏడుపు వచ్చింది. రోడ్డు పక్కన దుమ్ములో కూర్చుని, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎడ్లబండి మీద ఎవరో పోతూ ఆపి చూశారు. భావనారాయణగారు కారు మూత ఎత్తి లోపల ఏదో చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డారు. చూడడానికి అందులో ఏమీ లేదు, ఆయన మర్యాద అది. నాకు మీ తమ్ముడు కావాలి వదినా. నన్ను రీలు తిన్నదా అని అడగడానికైనా కావాలి.

ఏడుపు ఆగాక ముఖం తుడుచుకుని లేచాను. అవి ఇంకా అక్కడే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక ఆ బండి బాట పట్టుకుని నేనే లోపలికి నడిచాను. కొంత దూరం పోయాక వెనక ఎండుటాకుల చప్పుడైంది. ముందు రీలు నన్ను దాటిపోయింది. తరవాత బాద్షా. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి రెండూ ఇక దౌడు తీశాయి. ఇన్నేళ్లలో నేను ఆ అడవిలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. అందులో గొప్పగా చూడాల్సిందేమీ లేదు. చెట్లున్నాయి, నిశ్శబ్దంగా ఉంది. మనిషి కాసేపు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండొచ్చు. ఆయన ఎందుకు పోయేవారో నాకు కొంచెం తెలిసినట్టనిపించింది. నన్ను ఎందుకు పిలవలేదని మాత్రం ఇంకా కోపంగానే ఉంది. అది ఉండనివ్వండి.

కాకి ముట్టిన మాట తీరింది. మీ పంతులుగారితో చెప్పండి, కాళ్లు నేల మీద పడ్డాయి.

బేగం బజార్ ఆయన నిన్న గొలుసులు పట్టుకుని వచ్చాడు. కాఫీ ఇచ్చి పంపేశాను. కారు కిషన్‌ను అమ్మవద్దన్నాను. వాడు 'గిదేంది వదినె, మొన్ననే గద అమ్మమన్నవ్' అని గోల చేశాడు. ఔ, అన్నాను, ఇప్పుడు వద్దంటున్నాను. భావనారాయణగారు కిరాయిలో ఏమీ తగ్గించవద్దని, కారు నడపడం నేర్పుతానని అన్నారు. నలభైకి దగ్గరపడ్డదాన్ని స్టీరింగ్ పట్టుకుంటే కిషన్ పెళ్లానికి చెప్పుకోవడానికి ఇంకొకటి దొరుకుతుంది.

నేను నాందేడ్ రాను వదినా. నా కోసం సున్నం వేయించారు, మంచం వేయించారు, కొత్త కుండ తెప్పించారు. మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. నన్ను చూసుకోవడానికి కాదు, మీకొక మనిషి కావాలని ఆ గది సిద్ధం చేశారని నాకు చాలా ఉత్తరాల ముందే తెలుసు. అది తెలిసి కూడా రానంటున్నాను. అందుకని మీరే రండి. అన్నయ్యగారికి నాంపల్లి స్టేషన్ ఇక్కడికి నడిచిపోయేంత దూరం, రోజంతా బండ్లు చూసుకోవచ్చు. మీ మడి వంటకు వేరే పొయ్యి వేయిస్తాను, కుక్కలు ఆ వైపు రాకుండా నేను చూస్తాను. మనమిద్దరం తెలుగులో తిట్టుకుందాం.

రాసేటప్పుడు ఏ బండికి వస్తున్నారో రాయండి. ఆదివారం మాత్రం రావద్దు, ఇల్లు తాళం వేసి ఉంటుంది. శనివారం బండికే రండి.

మీ
కమల